జపాన్ దీవిలో నేల కింద ఆనకట్ట

ప్రశ్న: జపాన్‌కు దక్షిణాన మియాకో అనే దీవిలో భూమి లోపలే డ్యాం కట్టి సేద్యం చేస్తున్నారట. మనకు ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే అదే పదివేలు. అక్కడ 2000 పడుతుందంటున్నారు. మరి అంత వాన పడేచోట నీళ్ల కరువేంటి?
- ఒక రైతు, కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా

జవాబు: వాన పడటం వేరు, నీళ్లు నిలవడం వేరు. క్యూషూ నుంచి తైవాన్ వైపు వెయ్యి కిలోమీటర్లకు పైగా సాగే ర్యుక్యూ దీవుల వరసలో మియాకో ఒకటి. విస్తీర్ణం సుమారు 159 చదరపు కిలోమీటర్లు. కొండల్లేవు, చెప్పుకోదగ్గ నదీ లేదు. పైపొర పగడపు సున్నపురాయి. జల్లెడలా ఎక్కడికక్కడ చిల్లులే. కురిసినదాంట్లో దాదాపు సగం ఆవిరైపోతుంది, పదో వంతు పైనుంచే పారిపోతుంది, మిగిలింది నేలలోకి దిగుతుంది. దిగింది కూడా ఆగదు. అడుగున నీరు చొరని బంకరాతి పొర ఉంది, దానిమీదుగా జారి సముద్రంలో కలుస్తుంది. అందుకే 1971లో నెలల తరబడి వాన ముఖం చాటేస్తే చెరకు నిలువునా ఎండిపోయింది.

అయితే ఆ బంకరాతి పొర చదునుగా లేదు, నేల లోపలే లోయలున్నాయి. లోయకు అడ్డంగా గోడ కడితే మంచినీరు ఆగుతుంది, సముద్రపు ఉప్పునీరూ లోపలికి రాదు. 1979లో మినాఫుకు దగ్గర చిన్నది కట్టి చూశారు. 1993లో సునగవా డ్యాం పూర్తయింది: పొడవు 1677 మీటర్లు, ఎత్తు సుమారు 50 మీటర్లు, నిల్వ 95 లక్షల ఘనపు మీటర్లు.

దీనికి కందకం తవ్వరు. పక్కపక్కన మూడు బర్మాలున్న యంత్రం రాయిని నుగ్గు చేస్తూ దిగుతుంది, ఆ నుగ్గులోనే సిమెంటు పాలు కలిపేస్తారు. ఒక గుంత అంచు మీదుగా పక్క గుంత పడాలి. అంచులు కలవనిచోట కారుతుంది. గోడ అడుగు బంకరాతిలోకి దిగకపోతే కిందినుంచి పోతుంది. నిల్వనీటిని బోర్లతో ఎత్తుమీది ట్యాంకులకు ఎక్కించి, అక్కడినుంచి పైపుల్లో పొలాలకు వదులుతారు. సెంటు భూమి మునగలేదు, పైన చెరకు పండుతూనే ఉంది. నా దృష్టిలో దీని అసలు గొప్ప ఇదే. ఒక్క జాగ్రత్త తప్పదు: చేలో చల్లిన యూరియా చివరికి ఆ నీళ్లలోకే దిగుతుంది. 1980ల్లో అక్కడి భూగర్భజలంలో నైట్రేట్ పెరిగి ఎరువులు తగ్గించుకోవాల్సి వచ్చింది.

ప్రశ్న: మాదీ సున్నపురాయి నేలే. ఇక్కడా అలాంటి గోడ కట్టొచ్చా?
- ఒక పాఠకుడు, యర్రగుంట్ల, కడప జిల్లా

జవాబు: రాయి పేరు ఒకటే, గుణం వేరు. మన నాపరాయి కోట్ల ఏళ్లనాటిది, గట్టిది. నీళ్లు బండలోంచి కాక పగుళ్లగుండా, బెలుం గుహల్లాంటి బొరియలగుండా పోతాయి. ఏ పగులు ఎటు పోతుందో తెలియకుండా గోడకు డబ్బు పోయొద్దు.

ఇసుక వంక ఉంటే మాత్రం సంగతి వేరు. మూడు నాలుగు మీటర్ల లోతున బండ తగిలేచోటు, రెండు గట్లూ దగ్గరగా ఉన్నచోటు చూసుకోండి. నడివేసవిలో, ఊట అడుగంటాక, గట్టునుంచి గట్టుకు బండదాకా కందకం తీయండి. ఇసుక విరిగి లోపలి మనుషుల మీద పడుతుంది కాబట్టి పక్కలు వాలుగా తీయాలి. బంకమట్టిని జానెడు మందం చొప్పున పరిచి, తడిపి, దిమ్మిస కొడుతూ రండి. ఒకేసారి నింపేస్తే లోపల ఖాళీలుండి కారుతుంది. గోడ రెండు కొసలూ గట్ల లోపలికి దిగాలి, లేకుంటే నీళ్లు పక్కనుంచి చుట్టి పోతాయి. గోడ తల వంక మట్టానికి మీటరు కిందే ఆపండి. అంతకు పైకి లేపితే పక్క పొలాలు జౌకు తిరుగుతాయి. దిగువ బావులవాళ్లకు ఊట తగ్గొచ్చు, వాళ్లతో ముందే మాట్లాడుకోండి. అన్నింటికంటే ముఖ్యం, పైన ఇసుక తవ్వకం ఆగాలి. నీళ్లు నిలిచేది ఆ ఇసుకలోనే.

ప్రశ్న: తుపానులొస్తే ఆ దీవిలో ఇళ్లెలా నిలుస్తాయి?
- ఒక విద్యార్థిని, ఆదోని, కర్నూలు జిల్లా

జవాబు: 1966 సెప్టెంబరులో మియాకోలో గాలి సెకనుకు 85.3 మీటర్ల వేగంతో కొట్టింది, అంటే గంటకు 307 కిలోమీటర్లు. ఇప్పటి ఇళ్లు ఎక్కువగా కాంక్రీటు మిద్దెలే. పాత పెంకుటిళ్లలో పెంకుల సందులన్నీ సున్నంతో బిగించేవారు, ఇంటిచుట్టూ పగడపురాళ్ల గోడ పెట్టి, ఫుకుగి చెట్లు దట్టంగా పెంచేవారు.