ఆర్‌ఎన్‌ఏ అలాగే ఉంది, ప్రొటీన్ మాత్రం తగ్గింది: మూలకణాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఎలుక పిండ మూలకణాలను నాడీకణాల వైపు మళ్లిస్తున్నాం. మూడో రోజుకి లిన్28 (మూలకణ స్థితిని నిలిపే ప్రొటీన్) తయారీ సూచనను మోసే ఎంఆర్‌ఎన్‌ఏ కొంచెమే తగ్గింది. వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్ ఎంతుందో చూసే పరీక్షలో) ప్రొటీన్ మాత్రం బాగా పడిపోయింది. ఇది మైక్రోఆర్‌ఎన్‌ఏల (ఎంఆర్‌ఎన్‌ఏలను అణచే చిన్న ఆర్‌ఎన్‌ఏల) పనేనా? ఎలా తేల్చుకోవాలి?

జవాబు: అయ్యుండొచ్చు. లిన్28 ఎంఆర్‌ఎన్‌ఏ తోక భాగంలో, అంటే 3 ప్రైమ్ యూటీఆర్‌లో, లెట్-7, మిర్-125 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏలు అతుక్కునే చోట్లున్నాయి. నాడీకణాలు తయారయ్యేటప్పుడు ఈ రెండూ పెరుగుతాయి. అయినా ఆ రెండు కొలతలు చూసి తీర్పు చెప్పేయకండి. సుమారు 22 న్యూక్లియోటైడ్లు (అక్షరాలు) ఉండే మైక్రోఆర్‌ఎన్‌ఏ, ఆర్గోనాట్ ప్రొటీన్‌లో కూర్చుని, తన 2 నుంచి 8 వరకున్న అక్షరాలతో (ఈ భాగమే సీడ్) లక్ష్యాన్ని గుర్తుపడుతుంది. మొదట అనువాదం, అంటే ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రొటీన్ తయారీ, మందగిస్తుంది. తర్వాత పాలీ-ఎ తోక కురచై, ఎంఆర్‌ఎన్‌ఏ శిథిలమవుతుంది. క్షీరద కణాల్లో చివరికి కనిపించే తగ్గుదలలో ఎక్కువ వాటా ఈ శిథిలం కావడానిదే. కాబట్టి మూడు రోజులైనా ఎంఆర్‌ఎన్‌ఏ కదలకుండా ప్రొటీన్ ఒక్కటే పడిపోతే, కణంలో ప్రొటీన్లను విరగ్గొట్టే ప్రోటియాజోమ్‌ను కూడా అనుమానించాలి.

ముందు 0, 12, 24, 48, 72 గంటల దగ్గర నమూనాలు తీయండి. ఒకే డిష్‌లోని కణాలను రెండు భాగాలు చేసి ఒకటి ఆర్‌ఎన్‌ఏకి, ఒకటి ప్రొటీన్‌కి వాడండి. వేర్వేరు డిష్‌లను పోలిస్తే విభేదనం (మూలకణం వేరే రకం కణంగా మారడం) వేగంలోని తేడాయే ఫలితంలా కనిపిస్తుంది. మామూలు ఆర్‌ఎన్‌ఏ కాలమ్‌లలో ఆల్కహాల్ శాతం తక్కువ. 22 న్యూక్లియోటైడ్ల ముక్కలు వాటిలో నిలవకుండా కొట్టుకుపోతాయి. చిన్న ఆర్‌ఎన్‌ఏల కోసం చేసిన కిట్ గానీ, ఫినాల్ పద్ధతి గానీ వాడండి. వెస్టర్న్‌లో ఆక్టిన్‌ను గుడ్డిగా నమ్మొద్దు. కణం ఆకారం మారేకొద్దీ అదీ మారుతుంది. మొత్తం ప్రొటీన్ మరకతో సరిచూసుకోవడం మేలు.

లెట్-7 కొలతలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. దాని తొలి రూపం మూలకణాల్లోనే తయారవుతుంటుంది. అది పరిపక్వం కాకుండా అడ్డుపడేది లిన్28 ప్రొటీనే. అందుకే తొలి రూపానికి ప్రైమర్లు (ఆర్‌ఎన్‌ఏను కొలవడానికి వాడే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) వేస్తే తేడా ఏమీ కనిపించదు. పరిపక్వ రూపాన్నే స్టెమ్-లూప్ ప్రైమర్‌తో కొలవాలి. లిన్28 తగ్గితే లెట్-7 పెరుగుతుంది, అది లిన్28ని ఇంకా తగ్గిస్తుంది. ఏది ముందు మొదలైందో గంటలవారీ నమూనాలే చెబుతాయి.

తర్వాత ప్రోటియాజోమ్‌ను ఆపే ఎంజీ132 మందును 10 మైక్రోమోలార్ గాఢతలో 4 నుంచి 6 గంటలు వేసి చూడండి. ప్రొటీన్ తిరిగి పెరిగితే దాన్ని ప్రోటియాజోమ్ విరగ్గొడుతోందన్నమాట. మూలకణాలు దీన్ని ఎక్కువసేపు తట్టుకోలేవు, గడువు పెంచకండి. ప్రొటీన్ పెరగకపోతే, ప్రొటీన్ తయారీని వెలుగుతో చూపే లూసిఫరేజ్ రిపోర్టర్‌కి లిన్28 తోక తగిలించండి. పక్కనే, సీడ్ అతుక్కునే చోట రెండు మూడు అక్షరాలు మార్చిన తోకతో మరో రిపోర్టర్ ఉండాలి. మార్చినదానిలో అణచివేత పోతేనే లెక్క. ఇంతకన్నా గట్టి రుజువు, క్రిస్పర్‌తో కణంలోని అసలు జన్యువులోనే ఆ చోటును చెరిపి, ప్రొటీన్ నిలబడుతుందేమో చూడటం. సమయం పట్టినా నా ఓటు దీనికే.

ప్రశ్న: మిమిక్‌ను (కృత్రిమ మైక్రోఆర్‌ఎన్‌ఏను) 100 నానోమోలార్ వేస్తే అద్భుతమైన ఫలితం వచ్చింది. నమ్మొచ్చా?

జవాబు: అంత మోతాదులో వచ్చినదాన్ని వెంటనే నమ్మొద్దు. బయటి నుంచి వచ్చిన మిమిక్‌లు ఆర్గోనాట్‌లను ఆక్రమించి, కణం సొంత మైక్రోఆర్‌ఎన్‌ఏలను పక్కకు నెట్టేస్తాయి. అప్పుడు సంబంధంలేని ప్రొటీన్లు కూడా పెరుగుతాయి. 1, 5, 20 నానోమోలార్‌లతో మొదలుపెట్టి, ప్రతి మోతాదుకీ అంతే గాఢతలో కంట్రోల్ మిమిక్ పెట్టండి. సహజంగా ఒక మైక్రోఆర్‌ఎన్‌ఏ ఒక ప్రొటీన్‌ను సగం కన్నా తక్కువే తగ్గిస్తుంది. పదిరెట్లు తగ్గిందంటే మోతాదునే ముందు అనుమానించండి. మైక్రోఆర్‌ఎన్‌ఏను అడ్డుకునే ఇన్హిబిటర్‌తో ఉల్టా ఫలితం కూడా రావాలి.

ప్రశ్న: ఒక్కో ప్రొటీన్ మీద ప్రభావం అంత చిన్నదైతే, మైక్రోఆర్‌ఎన్‌ఏలు లేకపోతే విభేదనం ఎందుకు ఆగిపోతుంది?

జవాబు: ఒక్కో మైక్రోఆర్‌ఎన్‌ఏ వందల లక్ష్యాలను ఒకేసారి కొద్దికొద్దిగా తగ్గిస్తుంది కనుక. మైక్రోఆర్‌ఎన్‌ఏల తయారీకి కావాల్సిన డీజీసీఆర్8 జన్యువును తీసేసిన ఎలుక మూలకణాలు బతుకుతాయి, కానీ నెమ్మదిగా విభజన చెందుతాయి. విభేదనానికి పురిగొల్పినా మూలకణ జన్యువులను పూర్తిగా అణచలేవు. వాటికి లెట్-7 అందిస్తే ఆ జన్యువులు అణుగుతాయి. మూలకణాల్లో ఉండే మరో మైక్రోఆర్‌ఎన్‌ఏ మిర్-294 అందిస్తే ఉల్టా, విభజన వేగం పుంజుకుంటుంది. రెండూ కలిపి వేస్తే మిర్-294దే పైచేయి అవుతుంది.