ఓపెన్‌బీసీఐ సైటన్ బోర్డులో రిఫరెన్స్, బయాస్ వైర్లు ఎక్కడ పెట్టాలి?

సైటన్ అంటే ఒంటి విద్యుత్ సంకేతాలను కొలిచే చిన్న సర్క్యూట్ బోర్డు; దాని పిన్నులు పైన, కింద రెండు వరసల్లో ఉంటాయి. ఈఈజీకైతే (మెదడు సంకేతాలు) అన్ని వైర్లూ కింది వరసలోనే. తల మీది ఎలక్ట్రోడ్లు ఛానెల్ పిన్నులకు (1 నుంచి 8), ఒక చెవి తమ్మె మీది క్లిప్పు ఎస్ఆర్‌బీ2 అనే పిన్నుకి, రెండో చెవిది బయాస్ పిన్నుకి. చాలామంది తడబడేది ఈ చివరి రెంటి దగ్గరే.

ఎస్ఆర్‌బీ2 అంటే రిఫరెన్స్. ప్రతి ఛానెల్ విలువనూ బోర్డు దానితో పోల్చే కొలుస్తుంది. అందుకే ఆ చెవి క్లిప్పు కాస్త వదులైనా ఎనిమిది గీతలూ ఒకేలా ఊగుతాయి, లేదా అన్నిటి మీదా 'రెయిల్డ్' (సంకేతం బోర్డు కొలవగల హద్దుకు చేరింది) అని పడుతుంది. ఒక్క ఛానెలే పాడైతే మాత్రం తప్పు ఆ ఎలక్ట్రోడ్‌దే: జెల్ చాలలేదు, లేదా జుట్టు అడ్డొచ్చింది.

బయాస్‌ను ఉత్త గ్రౌండ్ అనుకోకండి. ఒంటి మీద అంతటా ఒకేలా ఉండే కరెంటు రొదను బోర్డు తలకిందులు చేసి ఆ తీగ గుండా తిరిగి శరీరంలోకి పంపుతుంది. అది ఊడితే 50 హెర్ట్జ్ హోరు తప్పదు. సాఫ్ట్‌వేర్‌లో నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్క హోరును తీసేసేది) 60 మీద ఉంటే మన దేశానికి 50కి మార్చుకోండి.

ఈఎంజీ (కండరాల సంకేతాలు), ఈసీజీ (గుండె సంకేతాలు) పద్ధతి వేరు. ఒకే ఛానెల్ పైపిన్నుకొక ఎలక్ట్రోడ్, కిందిపిన్నుకొకటి తగిలించి, హార్డ్‌వేర్ సెట్టింగుల్లో ఆ ఛానెల్‌కి ఎస్ఆర్‌బీ2 ఆపేయాలి. ఇది మరిచిపోతే గీత వస్తుంది గానీ అది మీరు కొలవాలనుకున్నది కాదు.

బోర్డుకి బ్యాటరీయే వాడండి. ఒంటికి తీగలుండగా గోడ ప్లగ్గుతో నడిచే అడాప్టర్ జోలికి అస్సలు పోవద్దు.