లంక కథలో గేదె

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. గోదావరి నడుమ లంకలో రెండు గేదెలు, నాలుగు మేకలు, పది కోళ్ళు పెట్టుకుని బతికే దంపతులు, ఒక అత్తగారు, శ్రావణంలో వచ్చిన వరద. మనుషులు బాగా కుదిరారు. ఏరు కూడా కుదిరింది. గేదెలే కుదరలేదు. వాటికి ఆకలి లేదు, దాహం లేదు, వేళ లేదు. గుంజ దగ్గర నిలబడి, నీకు అవసరమైనప్పుడు మాత్రం కన్నీళ్ళు కారుస్తున్నాయి. లంకలో మనిషి ఎన్నింటికి లేవాలో, ఏ పడవకి రేవు దాటాలో, చెల్లెలి పెళ్ళికి వెళ్ళి రాత్రి ఉండిపోవచ్చో లేదో తేల్చేది పాడి. ఆ లెక్క నీ చేతికి వస్తే సగం కథ నువ్వు కల్పించనక్కర్లేదు.

వేళ సంగతి ముందు చూడు. పాలవ్యాను అవతలి గట్టు మీదకి ఆరింటికి వస్తుందనుకో. ఇవతల పాలు పితికి, క్యానుకి ఎత్తి, రేవు దాకా నడిచి, పడవ ఎక్కి దాటాలంటే నాలుగింటికే పొదుగు కడగాలి. సాయంత్రం చీకటి పడితే పడవ ఉండదు కాబట్టి మూడింటికే పితికేస్తారు. అంటే పొద్దుటి పితుకుకి పదమూడు గంటల ఎడం, సాయంత్రానికి పదకొండు గంటలే. ఎడం ఎక్కువైతే పాలు ఎక్కువ, వెన్న తక్కువ. సాయంత్రం పాలు కొంచెమే అయినా చిక్కగా ఉంటాయి. పాలకేంద్రంలో డబ్బు కట్టేది వెన్న శాతాన్ని బట్టి. ఇప్పుడు నీ కథలో అత్తగారు పెరుగు తోడుకి సాయంత్రం పాలే కావాలంటుంది, కోడలు అవే కేంద్రానికి పోయాలంటుంది. ఆరు శాతానికీ ఏడు శాతానికీ తేడా లీటరుకి పది గ్రాముల వెన్న. నువ్వు రాసిన చీర గొడవ కన్నా ఈ గొడవ బలంగా ఉంటుంది.

పితకడం గురించి మూడో పేజీలో పొరపాటుంది. కోడలు సగం పితికి, మొగుడి మాట గుర్తొచ్చి, కాసేపు ఏడ్చి, మళ్ళీ పితికినట్టు రాశావు. కుదరదు. దూడని వదిలితే అది ఒకటి రెండు నిమిషాలు కుడుస్తుంది, గేదె చేపుతుంది, అంటే పాలు చన్నుల్లోకి దింపుతుంది, చన్నులు బిగుస్తాయి. ఆ చేపు నిలిచేది ఐదు నుంచి ఏడు నిమిషాలు. ఆ లోపల పితికెయ్యాలి. మధ్యలో లేచిపోతే, కొత్త మనిషి వస్తే, కుక్క మీదకి వస్తే గేదె ఎగచేపుతుంది, పాలు బిగబట్టేస్తుంది. ఇక ఆ పూట మిగిలిన పాలు రావు. కాబట్టి ఏడుపు పితికాక ఉండాలి, లేదా ఏడుస్తూనే పితకాలి. రెండోదే మంచిదని నా అభిప్రాయం.

ఇంకో చిన్న సంగతి. మొదటి ధారల్లో వెన్న బాగా తక్కువ, చివరి ధారల్లో బాగా ఎక్కువ. దూడ మీద జాలిపడి చివరి పాలు వదిలేసే మనిషికి కేంద్రంలో శాతం పడిపోతుంది. ఆఖరి చుక్క దాకా పిండే మనిషికి పెరుగుతుంది. నీ కోడలు ఏ రకం మనిషో పాఠకుడికి వర్ణించి చెప్పనక్కర్లేదు. దూడని ఎప్పుడు విడిచిందో చెప్పు చాలు.

మేత దగ్గర నువ్వు మరీ పిసినారివి. 'రెండు గుప్పెళ్ళ తవుడు' తిని ఎనిమిది లీటర్లిచ్చే గేదె లోకంలో లేదు. అలాంటి గేదెకి రోజుకి ఐదారు కిలోల వరిగడ్డి, పదిహేను ఇరవై కిలోల పచ్చిమేత ఉండాలి. దాణా ఒంటికోసం కిలో, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకీ ఒక కిలో చొప్పున, మొత్తం ఐదు కిలోల దాకా పడుతుంది. కుడితి కాక నీళ్ళు యాభై లీటర్ల పైమాటే. పచ్చిమేతకి లంకల్లో పిల్లిపెసర, జనుము, జొన్న చల్లుతారు. ఎప్పుడూ దొరికేది మాత్రం గెల కొట్టాక మిగిలిన అరటిబోదె. దాన్ని ముక్కలు కొట్టి పెడితే గేదె ఇష్టంగానే తింటుంది. అందులో తొంభై పాళ్ళు నీళ్ళే. పొట్ట నిండుతుంది, పొదుగు నిండదు. చేతిలో డబ్బు ఆడని నెలలో ఇంట్లో తవుడు తగ్గి బోదె పెరుగుతుంది, పది రోజుల్లో పాలు దిగుతాయి, దాంతో డబ్బు మరీ తగ్గుతుంది. పేదరికం గురించి నువ్వు రాసిన పేరా మొత్తం తీసేసి ఈ వరస పెట్టు.

ఇక వరదకీ పాడికీ ఉన్న ముడి. గేదె ఎదకు వచ్చేది ఎక్కువగా చలి పట్టే కాలంలో. ఎండాకాలంలో వచ్చినా మూగ ఎద, అరవదు, మనిషి కనిపెట్టలేడు. చూడి మోసేది పది నెలల పది రోజులు. వినాయకచవితి మొదలు సంక్రాంతి దాకా ఎదకొచ్చిన గేదెలు ఆషాఢం నుంచి కార్తీకం దాకా ఈనుతాయి. గోదావరి పొంగే కాలం అందులోనే పడుతుంది. లంకలో నిండు చూలు గేదె, నిండు ఏరు ఒకేసారి రావడం కథకుడు తెచ్చిపెట్టిన యాదృచ్ఛికం కాదు. నువ్వు దాన్ని యాదృచ్ఛికంలా రాశావు.

ఈనే ఘట్టం తిరిగి రాయాలి. నీళ్ళసంచి పగిలాక గంట రెండు గంటల్లో దూడ పడాలి. ముందు రెండు ముంగాళ్ళ గిట్టలు, వాటి మీద ముట్టె కనిపిస్తే సవ్యంగా ఉన్నట్టు. ఒక్క కాలే కనిపించినా, తోక కనిపించినా అడ్డం తిరిగినట్టే. చేతులు వేసి లాగకూడదు. సవ్యంగా ఉన్నప్పుడైనా లాగడం గేదె ముక్కినప్పుడే, అదీ కిందికి వాల్చి. దూడ పడ్డాక ముక్కులో జిగురు తీసి, బొడ్డు రెండంగుళాలు ఉంచి కోసి అయోడిన్ ముంచుతారు. గంటలోపల జున్నుపాలు పట్టాలి. ముప్పై కిలోల దూడకి ఆ రోజుకి మూడు లీటర్లు. నీ కథలో అత్తగారు 'మాయ పడేదాకా పాలివ్వొద్దు' అంటుంది. మాయంటే కడుపులో దూడని అంటిపెట్టుకుని ఉండి, ఈనాక పడిపోయే పొర. ఆ నమ్మకం ఊళ్ళల్లో ఉన్నదే, ఉంచు. అయితే దాని వల్ల దూడకి ఏమవుతుందో కూడా కథలో జరగాలి: ఆ జున్నుతో రావలసిన రక్షణ రాక రెండో వారంలో పారుడు, అంటే విరేచనాలు, పట్టుకుంటుంది. మాయ ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లో పడుతుంది. పడకపోతే డాక్టరు రావాలి. దానికి రాయి కట్టడం, చెప్పు కట్టడం చాలాచోట్ల చేస్తారు, గర్భసంచి చిరుగుతుంది.

ఈనిన మర్నాడు నీ గేదెకి పాలజ్వరం తెప్పించావు, 'ఒళ్ళు పెనంలా కాలిపోతోంది' అన్నావు. పేరు చూసి మోసపోయావు. అందులో జ్వరం ఉండదు. రక్తంలో కాల్షియం పడిపోయి చెవులు చల్లబడతాయి, గేదె కూలబడి మెడ డొక్క మీదికి తిప్పుకుని లేవదు. ఎక్కువ పాలిచ్చేవాటికి, మూడో ఈత దాటినవాటికి, ఈనిన మూడు రోజుల్లోపల వస్తుంది. మందు కాల్షియం సీసా, 450 మిల్లీలీటర్లు, ఒంటి వేడికి తెచ్చి నరానికి నెమ్మదిగా ఎక్కించాలి. తొందరపడి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. సరిగా ఎక్కితే గంటలో లేచి నిలబడుతుంది. కథకుడికి ఇంతకన్నా ఏం కావాలి? ఒక సీసా దూరంలో చావూ బతుకూ ఉన్నాయి, ఆ సీసా గట్టు అవతల ఉంది. 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది. అయితే వ్యాను రేవు దాకానే. అక్కణ్ణుంచి డాక్టరు పడవ ఎక్కాలి. ఆయన్ని చెడ్డవాణ్ణి చెయ్యకు. పడవవాడు ఆ గాలిలో పడవ తియ్యనన్నాడు, అంతే.

వరద కొలతలు తెలుసుకుని రాయి. లంకవాళ్ళు ఆకాశం చూడరు, భద్రాచలం నీటిమట్టం వింటారు. ఆ నీళ్ళు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. కనకాయలంక దగ్గరా ముక్తేశ్వరం ఎదురుబిడియం దగ్గరా ఉన్నలాంటి పల్లపు కాజ్‌వేల మీదికి నీళ్ళు రావడానికి పెద్ద వరద అక్కర్లేదు. నీ కథ ఏ ఏడాదిదో నిర్ణయించుకో. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022లో జూలై నడిమికే 71.3. జూలైలో అంత వరదంటే గడ్డి ఇంకా మెరకకి ఎక్కించి ఉండరు, చూడి గేదెల్ని గట్టు మీది చుట్టాలింటికి తోలి ఉండరు. ఏడాది మారితే కథే మారుతుంది.

పశువుల్ని దాటించడం నువ్వు ఒక వాక్యంలో తేల్చేశావు. అక్కడ ఒక పేజీ కూర్చో. రెండు గేదెలకి పది రోజులకి నూట ఇరవై కిలోల ఎండుగడ్డి ముందు దాటాలి. పడవ చెక్కల మీద ఇసుకో గడ్డో పరుస్తారు, లేకపోతే గిట్ట జారుతుంది, జారిన గేదె బెదిరి పడవ ఒరిగేలా చేస్తుంది. దూడని ముందు ఎక్కిస్తే తల్లి వెనకాలే వస్తుంది. పలుపు పొట్టిగా కట్టాలి, జారుముడి వెయ్యాలి, ఒక్క లాగుతో ఊడాలి. పడవ దొరకకపోతే, ప్రవాహం నెమ్మదిగా ఉన్నచోట, తలతాడు పట్టుకుని పడవ పక్కన ఈదిస్తారు. గేదె బాగానే ఈదుతుంది. ఏదీ కుదరకపోతే చివరగా చేసేది పలుపులు విప్పెయ్యడం. వరదలో చచ్చే గేదెల్లో చాలా వాటిని చంపేది నీళ్ళు కాదు, గుంజ. నీ కథానాయకుడు రాత్రి భార్యని పడవెక్కించి, మళ్ళీ వెనక్కి వెళ్ళి పలుపులు విప్పి వచ్చాడా లేదా? ఆ ప్రశ్న నీ కథలో లేదు. అదే కథ.

గట్టు మీద టార్పాలిన్ కింద కట్టిన గేదెలు పాలివ్వవు, ఇచ్చినా చారెడు. అలవాటైన చోటు కాదు, పక్కన పరాయి పశువులు. వరద తీశాక అసలు నష్టం మొదలవుతుంది. ఒండ్రు పట్టిన గడ్డి తిని పారుడు. తడిసి బూజెక్కిన వరిగడ్డి వారాల తరబడి తిన్న గేదెలకి కొన్నిసార్లు తోకకొన, చెవుల అంచులు నల్లబడి ఎండిపోతాయి. అన్నిటికన్నా గొంతువాపు: నూట ఐదు, నూట ఏడు డిగ్రీల జ్వరం, గొంతు కింద వాపు, గురకలాంటి ఊపిరి, ఒక రోజు తిరక్కుండా చావు. దాని టీకా వానలకి ముందే, మే నెలాఖరులోనో జూన్ మొదట్లోనో వేయించాలి. పట్టడానికి రెండు మూడు వారాలు కావాలి. వరద వచ్చాక వేయిస్తే ఆలస్యం. టీకాలవాడు లంకకి వచ్చిన రోజు నీ మనిషి ఎక్కడో కూలికి వెళ్ళాడని మొదటి పేజీలో మామూలుగా చెప్పి వదిలెయ్. పదమూడో పేజీలో పాఠకుడికి తనంతట గుర్తొస్తుంది.

దున్నదూడ గురించి రాయడానికి నువ్వు సందేహించావు, తెలుస్తోంది. పెయ్యకి, అంటే ఆడదూడకి, పాలు వదులుతారు, దున్నదూడకి వదలరు. అది అమ్ముడుపోదు, దుక్కికి ఎవరూ అడగరు. పైగా తల్లిపాల ద్వారానే నట్టలు, అంటే కడుపులో పురుగులు, దూడలకి చేరతాయి, రెండో వారంలో మందు పొయ్యకపోతే చాలా దూడలు నెల తిరక్కుండా పోతాయి. దున్నదూడకి మందు పొయ్యడం ఎవరికీ గుర్తుండదు. దూడ చస్తే తల్లి చేపదు. వెనకటికి చర్మంలో గడ్డి కూరి ముందు నిలబెట్టేవారు. ఇప్పుడు కొందరు ఆక్సిటోసిన్ సూది వేస్తారు, డాక్టరు చీటీ లేకుండా అది నేరం. నీ కథలో కోడలు మంచిదే. మంచి మనిషి కూడా దున్నదూడ పాలు తగ్గిస్తుంది. ఆ సంగతి కళ్ళెదుట పెట్టు, సమర్థించకు, తిట్టకు.

ఇవన్నీ కథలోకి ఒంపమనడం లేదు. పదింట తొమ్మిది నీ దగ్గరే ఉంచుకో. కానీ ఆ తొమ్మిదీ తెలియకుండా పదోది ఎంచుకోలేవు. రాయబోయే ముందు ఒక పాలకేంద్రం దగ్గర పొద్దుటి పూట కూర్చో. ఎవరు ఏ శాతం విని ఏ మొహం పెట్టారో చూడు. ఖాతాపుస్తకం అడిగి వరద నెల పేజీ చూడు.

గేదె కన్నీళ్ళు మూడు చోట్లా కొట్టేశాను, ప్రతిలో గుర్తులు పెట్టాను. చివరి పేజీలో ఏరు, వెన్నెల, అంబారవం ఉన్న పేరా కూడా కొట్టేశాను. కథ పాలక్యాను ఖాళీగా వెనక్కి వచ్చిన చోట అయిపోయింది.

దీవెనలతో.

తా.క. మేక ఏడాదికి ఒకసారే ఈనుతుందని రాశావు. చూడి ఐదు నెలలే. రెండేళ్ళలో మూడు ఈతలు మామూలు, ఈతకి రెండు పిల్లలూ మామూలే. తడినేల మీద నిలిస్తే మేకకి గిట్టలు కుళ్ళుతాయి, గేదెలా ఈదే సత్తువ కూడా లేదు. అందుకని మొదటి పడవలో మేకల్ని పంపు. కోళ్ళని గంప కింద మూసి వాటితోనే ఎక్కించు. పొదుగుతున్న పెట్టని మాత్రం గుడ్లతో సహా. పద్దెనిమిదో రోజున వదిలేస్తే ఇరవై ఒకటో రోజున పిల్లలు రావు.