ఫిరాయించాడా, సంధి చేసుకున్నాడా?

సందేహం: మాస్టారూ నమస్తే, బర్గండీ డ్యూక్ ఫిలిప్ గురించి వ్యాసం రాస్తున్నా. 1435లో ఇంగ్లండ్‌ని వదిలి ఫ్రాన్స్ రాజు వైపు వెళ్ళాడు కదా, "ఫిరాయించాడు" అనొచ్చా? పొత్తు, సంధి ఒకటేనా? డ్యూక్‌ని సామంతుడు అనొచ్చా?

సమాధానం: ఒకటి కాదండీ. పొత్తు అంటే పంచుకోవడం, పొత్తు వ్యాపారం అంటాం చూడండి, అలా. సంధికి మాత్రం ముందు తగువుండాలి, తగువే లేనివాళ్ళకి సంధేంటి.

ఫిలిప్ కథలో రెండూ ఉన్నాయి. 1419 సెప్టెంబర్‌లో మోంట్రో వంతెన మీద మాట్లాడుకుందామని కలిసినప్పుడు ఫ్రాన్స్ యువరాజు చార్లెస్ మనుషులు ఫిలిప్ తండ్రి జాన్‌ని నరికేశారు, ఆ పగతోనే ఫిలిప్ 1420లో ఇంగ్లండ్ రాజు ఐదో హెన్రీతో చేయి కలిపాడు, 1423లో హెన్రీ తమ్ముడు బెడ్‌ఫర్డ్‌కి తన చెల్లెలు ఆన్‌ని ఇచ్చి వియ్యం కూడా అందుకున్నాడు. ఇది పొత్తు. 1432లో ఆన్ చనిపోయింది, బంధం సడలింది. 1435లో ఫ్రాన్స్‌లోని ఆరాస్ ఊళ్ళో, అప్పటికి రాజైన చార్లెస్ తరఫు మనిషి ఫిలిప్ కాళ్ళ మీద పడి ఆ హత్యకి క్షమాపణ అడిగాడు, ఇంగ్లండ్‌కి చేసిన ప్రమాణం నుంచి ఫిలిప్‌ని కార్డినల్స్ అనే చర్చి పెద్దలు విడిపించారు. ఇదీ సంధి అంటే!

ఇక ఫిరాయించడం. హిందీ ఫిరానా, అంటే తిప్పడం, అందులోంచి వచ్చిన మాట, మొదట్లో తప్పేమీ లేదు దానిలో. కానీ 1985 ఫిరాయింపుల చట్టం దగ్గర్నుంచి పదవి కోసం గోడ దూకడం అనే వాసన గట్టిగా పట్టేసింది. ఫిలిప్‌కి లాభం లేదనను, సోమ్ నది ఊళ్ళు దక్కాయి, అయినా తండ్రి హత్యకి క్షమాపణ చెప్పించుకుని వెళ్ళినవాడిని ఆ ఒక్క మాటతో తేల్చేయడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

లండన్ వైపు నుంచి చెప్పేటప్పుడైతే వాడుకోండి, అక్కడ ఆ మాటే నిజం. ఫిలిప్ పంపిన ఉత్తరంలో తనని ప్రభువు అని సంబోధించలేదని చూసి ఐదో హెన్రీ కొడుకు, పదమూడేళ్ళ రాజు ఆరో హెన్రీ ఏడ్చాడని ఆ కాలపు చరిత్రకారులు రాశారు. ఒక్క పిలుపు మారితే ఆ పిల్లాడికి మొత్తం అర్థమైపోయింది చూడండి.

ఫ్రాన్స్ రాజుకి సామంతుడు అనే మాట 1435కి ముందు సరిపోతుంది. ఆరాస్‌లో మాత్రం చార్లెస్ బతికున్నంతకాలం ఫిలిప్ ఆయనకి మొక్కక్కర్లేదని రాసుకున్నారు, అందుకని అక్కణ్ణుంచి డ్యూక్ అనే ఉంచేయండి.