సగంలో మూసిన నవల గురించి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఆ పాత నవలను నూటపదో పేజీలో మూసేశానని రాశావు. భర్త చెయ్యిచేసుకునే సన్నివేశాన్ని హాస్యంగా నడిపారని నీకు ఒళ్లు మండింది. మండాల్సిందే. కోపం దిగమింగుకొని చదవమని నేను చెప్పను.

కానీ ఆ నవ్వు ఎవరిదో ముందు తేల్చుకో. నవ్వుతున్నది పాత్రా, రచయితా? దుర్మార్గుడి నోట దుర్మార్గపు మాట పలికించడం రచయిత పనే. దెబ్బ తిన్న మనిషిని ఆ తర్వాతి పేజీల్లో ఎలా చూశారో గమనిస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఆమెకు నొప్పి పుట్టిందన్న స్పృహే లేకపోతే లోపం రచయితదే. మొహమాటపడకుండా పెన్సిలుతో అంచున రాసిపెట్టు. నా పుస్తకాల నిండా అలాంటి తిట్లే. ముప్పై ఏళ్ల తర్వాత తిరగేస్తే కొన్నిచోట్ల తప్పు నాదేనని తేలింది, అది వేరే సంగతి.

'ఆ కాలం అలాంటిది' అనే మాట నేనూ చాలాకాలం వాడాను. ఇప్పుడు వాడను. ముద్దుపళని 'రాధికా సాంత్వనము' సంగతే చూడు. పద్దెనిమిదో శతాబ్దంలో ఒక స్త్రీ రాసిన శృంగార కావ్యం అది. వితంతువుల పెళ్లిళ్ల కోసం అంత పోరాడిన వీరేశలింగం గారే దాన్ని, దాన్ని రాసిన ఆమెను ఈసడించారు. సిగ్గూ ఔచిత్యమూ ఆడవాళ్లకేనా, మగవాళ్లకు లేవా అని గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారు నిలదీసి, 1910లో ఆ కావ్యాన్ని పూర్తిగా అచ్చువేయించారు. ప్రభుత్వం నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చే రోజుల దాకా ఆ నిషేధం తొలగలేదు. ఈసడించిన ఆయనదీ, ఎదురు నిలిచిన ఆమెదీ ఒకటే కాలం! అందుకే ఇప్పుడు ఏ పాత పుస్తకం పట్టుకున్నా, అదే రోజుల్లో దీనికి అడ్డుచెప్పినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని వెతుకుతాను. వీరేశలింగం గారిని చదవడం మాత్రం మానలేదు. అంతటి మనిషికి కూడా ఎక్కడ చూపు ఆనలేదో తెలిశాక ఇంకా శ్రద్ధగా చదువుతున్నాను.

దొరికితే కోతలు పెట్టని ప్రతే చదువు. అమెరికా రచయిత మార్క్ ట్వేన్ నవల 'హకల్‌బెరీ ఫిన్'లో నల్లజాతివారిని కించపరిచే మాటను 2011లో వచ్చిన ఒక ప్రచురణలో 'బానిస' అని మార్చారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆ మాటను జనం ఎంత అలవోకగా అనేవారో ఆ ప్రతి చదివినవాళ్లకు తెలియదు. పిల్లలకు చదివి వినిపించేటప్పుడు నేను అలాంటి మాట దగ్గర ఆగి, అదేమిటో చెప్పి ముందుకు వెళ్తాను. కథ కాస్త కుంటుతుంది, కుంటనీ.

ఒక్క మినహాయింపు. నీ సొంత గాయాన్ని కెలికే పుస్తకమైతే పక్కన పెట్టెయ్. ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. అలా పక్కన పెట్టినవి నా దగ్గరా రెండున్నాయి, అవేమిటో అడగకు.

ఆ నూటపదో పేజీకి ఎప్పుడైనా తిరిగి వెళ్తే, అంచున ఏం రాశావో నాకు పంపు. నా ప్రతిలో అదే చోట నేను రాసుకున్నది నీకు పంపుతాను.

మీ పెద్దమ్మ