టెక్సస్‌లో మొబైల్ హోమ్ లెవెలింగ్ చేయించాం, ఎనిమిది నెలలకే మళ్ళీ కుంగింది. కంపెనీ వారంటీ వర్తించదంటోంది, ఏం చేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇది. డల్లస్‌కి తూర్పున కాఫ్‌మన్ కౌంటీలో స్థలంతో పాటు పాత డబుల్‌వైడ్ మొబైల్ హోమ్, అంటే ఫ్యాక్టరీలో రెండు సగాలుగా తయారుచేసి తెచ్చి కలిపిన ఇల్లు, కొన్నారు. తలుపులు పట్టేస్తుంటే ఒక కంపెనీని పిలిచి లెవెలింగ్ చేయించారు. లైఫ్‌టైమ్ వారంటీ అన్నారు. ఎనిమిది నెలలు తిరక్కుండానే హాల్ మధ్యలో సీలింగ్ దగ్గర చీలిక వచ్చింది, వంటింటి వైపు నేల వాలింది. ఫోన్ చేస్తే "మట్టి కదిలింది, అది వారంటీ కిందికి రాదు" అని, మళ్ళీ చేయడానికి కొత్త కొటేషన్ పంపారు. లాయర్ దగ్గరికి వెళ్ళాలా, డబ్బు కట్టేసి వదిలించుకోవాలా అని అడిగారు.

డబ్బు ఇప్పుడే కట్టకండి. వాళ్ళనే కాదు, ఇంకే కంపెనీనీ ఇంటి కింద చెయ్యి పెట్టనివ్వకండి. ఇప్పుడు ఇల్లు ఎలా కుంగి ఉందో అదే మీ సాక్ష్యం. ఎవరైనా జాకీ పెట్టి ఒక్కసారి ఎత్తారంటే అది పోతుంది. పైగా "వేరేవాళ్ళు ముట్టుకున్నారు కాబట్టి వారంటీ రద్దు" అనే షరతు ఇలాంటి కాగితాల్లో తరచూ ఉంటుంది.

మాది ఎల్లిస్ కౌంటీ. మీది ఎలాంటి ఇల్లో మాదీ అలాంటిదే, గొడవ కూడా దాదాపు ఇదే. మేం చివరికి ఇంటి మధ్య భాగం మొత్తం వాళ్ళ ఖర్చుతోనే మళ్ళీ చేయించుకున్నాం. అందుకు కారణం మేం "లైఫ్‌టైమ్ అన్నారు కదా" అని వాదించడం మానేసి, "పని సరిగ్గా చేశారా లేదా" అన్నదాని మీద నిలబడటం. మట్టి కదలడాన్ని వారంటీలోంచి తీసేసి ఉండొచ్చు. కానీ కదిలే మట్టి అని తెలిసీ దానికి తగినట్టు కట్టకపోతే అది పనిలో లోపం. మీ కేసు ఈ రెండిట్లో ఏ వైపు పడుతుందో తేలేదాకా లాయర్ కూడా మీకు గట్టిగా ఏమీ చెప్పలేడు.

ముందు మట్టి గురించి. డల్లస్ చుట్టుపక్కల నుంచి కిందకి ఆస్టిన్, శాన్ ఆంటోనియో దాకా ఉన్న నేలని బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు. మా నాన్నగారిది నరసరావుపేట దగ్గర పల్లెటూరు, జీవితమంతా పత్తీ మిర్చీ వేసిన మనిషి. ఇక్కడికి వచ్చిన కొత్తల్లో పెరట్లో పిడికెడు మట్టి నలిపి చూసి "ఇది మన నల్లరేగడే కదరా, దీని మీద ఇల్లేమిటి" అన్నారు. నిజమే, రెండూ ఒకే జాతి నేలలు. వానపడితే నీళ్ళు తాగి ఉబ్బుతాయి, ఎండకి నెర్రెలిచ్చి కుంచించుకుపోతాయి. కాబట్టి ఈ ప్రాంతంలో పనిచేసే కంపెనీ ఏదైనా "మట్టి ఇలా కదులుతుందని మాకు తెలియదు" అనడానికి వీల్లేదు. వాళ్ళు రోజూ చేసే వ్యాపారమే అది.

ఇక ఇంటి కింద సంగతి. మామూలు ఇళ్ళకి ఉన్నట్టు వీటికి కాంక్రీట్ స్లాబ్ ఉండదని మీకు తెలుసు. ఇంటి బరువు ఎక్కువగా ఇనుప ఐ-బీముల మీద ఉంటుంది. ఆ బీముల కింద సిమెంట్ బ్లాకులు సిమెంట్ పెట్టకుండా ఉత్తినే పేర్చి, వాటి కింద ప్యాడ్ వేసి, పైన మిగిలిన సందులో షిమ్‌లు, అంటే పలచటి చెక్క చీలలు, బిగిస్తారు. ఇలా పేర్చిన ఒక్కో దొంతరనీ పియర్ అంటారు. లెవెలింగ్ అంటే జాకీతో బీముని కాస్త ఎత్తి ఆ షిమ్‌లు మార్చడం, కావాల్సిన చోట బ్లాకులు, ప్యాడ్లు కొత్తవి పెట్టడం. డబుల్‌వైడ్‌లో రెండు సగాలూ కలిసే చోటుని మ్యారేజ్ లైన్ అంటారు. హాల్‌కీ వంటింటికీ మధ్య గోడ లేకుండా వెడల్పుగా తెరిచి ఉంటుంది చూడండి, ఆ ఖాళీకి రెండు చివర్లా గోడలో స్తంభాలు ఉంటాయి. పైకప్పు బరువు ఆ స్తంభాల మీదుగా కిందికి దిగుతుంది. సరిగ్గా వాటి కింద పియర్ ఉండి తీరాలి, దాని ప్యాడ్ కూడా మిగతావాటికంటే పెద్దది కావాలి. మీరు చెప్పిన సీలింగ్ చీలిక హాల్ మధ్యలోనే వచ్చిందంటే నా అనుమానం అక్కడే.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. ఇంటి అడుగు చుట్టూ మూసి ఉండే స్కర్టింగ్ పలక ఒకటి విప్పి, టార్చ్ పట్టుకుని పాక్కుంటూ మధ్యదాకా వెళ్ళాను. నేల మీద పరిచిన నల్ల ప్లాస్టిక్ పట్టా పొడిగా, దుమ్ము పట్టి ఉంది. ఒక స్తంభం కింద పియరే లేదు. దగ్గరున్న పియర్ అడుగున పెట్టిన ప్లాస్టిక్ ప్యాడ్ ఒక మూల మట్టిలోకి దిగిపోయి, మధ్యలో వంగి పళ్ళెంలా అయింది. షిమ్‌లు రెండు వైపుల నుంచి జతగా ఎదురెదురుగా కొట్టాలి, ఇక్కడ ఒకే వైపు నుంచి ఒక్కటి దోపారు. దాని అంచు నలిగి పీచులు లేచింది. ఇవన్నీ టేపు పక్కన పెట్టి, ఏ గది కింద ఏ పియరో చాక్‌పీసుతో బ్లాకు మీద రాసి ఫొటోలు తీశాను. మీరూ అలాగే తీయండి. కాకపోతే ఒంటరిగా దిగకండి, కరెంటు వైర్లు వేలాడుతుంటే ఆగిపోండి, జాకీ పెట్టి ఉన్న చోట అస్సలు దూరకండి.

తర్వాత కొలతలు. నేల ఎక్కడ ఎంత కుంగిందో ఇంటి ప్లాన్ మీద అంకెలు వేయాలి. మన మేస్త్రీలు నీళ్ళు నింపిన లెవెల్ పైపుతో మట్టం చూస్తారే, అదే పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. రసమట్టం ఒక్కటి సరిపోదు, అది వాలు ఉందని చెప్తుంది గానీ ఇల్లు మొత్తం మీద ఎక్కడ ఎంతో చెప్పదు. ఆ కంపెనీ పని అయ్యాక తీసిన కొలతల కాగితం ఉంటే రాతపూర్వకంగా అడగండి. ఇస్తే పోల్చుకోవచ్చు. కొలతలే తీయలేదంటే లెవెల్ అయిందని వాళ్ళు ఎలా నిర్ధారించారన్న ప్రశ్న మీ చేతికొస్తుంది.

మాకు ఆ అంకెలే దారి చూపించాయి. ఏసీ నీళ్ళ పైపు ఒక మూల కారుతోంది, అక్కడ నేల తడిగా ఉంది, ఆ మూల కొంచెం దిగింది. కంపెనీ పట్టుకున్నది దాన్నే: "చూశారా, నీళ్ళు మీ వల్లే." కానీ ఎక్కువ కుంగింది ఆ మూల కాదు, పొడిగా ఉన్న మధ్య గీత. నీళ్ళే కారణమైతే తడి ఉన్న చోట తక్కువ, పొడిగా ఉన్న చోట ఎక్కువ ఎలా దిగుతుంది? దీనికి వాళ్ళ దగ్గర జవాబు లేదు. ఆ మూల ఖర్చు మేం పెట్టుకున్నాం, అది న్యాయమే. మీ వైపు కూడా ఏసీ పైపు, గటర్లు, ప్లంబింగ్ లీకులు ఉంటే ముందే ఫొటో తీసి, బాగు చేయించి, బిల్లు దాచుకోండి.

ఈ అంకెలు మీరు వేసుకుంటే మీకు అర్థం కావడానికి పనికొస్తాయి. ఎదుటివాళ్ళు ఒప్పుకోవాలంటే లైసెన్స్ ఉన్న ప్రొఫెషనల్ ఇంజనీర్ చూసి, సంతకం, సీలు వేసి ఇచ్చిన రిపోర్ట్ కావాలి. రిపేర్లు అమ్ముకునే కంపెనీకి సంబంధం లేని ఇంజనీర్ అయ్యుండాలి. ఉచిత ఇన్‌స్పెక్షన్ అని వచ్చేవాళ్ళు సేల్స్ మనుషులు. ఇంజనీర్‌కి కొన్ని వందల డాలర్లు అవుతాయి, అక్కడ మాత్రం పొదుపు చూడకండి. ఇంటిని తయారు చేసిన కంపెనీ ఇన్‌స్టలేషన్ మాన్యువల్ దొరికితే అతనికి ఇవ్వండి. పియర్లు ఎక్కడెక్కడ ఉండాలో అందులో బొమ్మ గీసి ఉంటుంది. మీ ఇల్లు 1976 జూన్ 15 తర్వాత తయారైందైతే బయట ఒక్కో సగానికీ వెనకవైపు హడ్ వాళ్ళ, అంటే ఫెడరల్ ప్రభుత్వ గృహనిర్మాణ శాఖ వాళ్ళ, ఎర్రటి లేబుల్ ఉంటుంది. లోపల వంటింటి అల్మరాలోనో, కరెంటు ప్యానెల్ దగ్గరో, బెడ్‌రూమ్ క్లోజెట్‌లోనో ఇంటి వివరాలుండే డేటా ప్లేట్ అతికించి ఉంటుంది. ఆ సీరియల్ నంబర్‌తో మాన్యువల్ అడగొచ్చు. అది దొరక్కపోయినా టెక్సస్ రాష్ట్రానికి ఇలాంటి ఇళ్ళ కోసం సాధారణ ప్రమాణాలు ఉన్నాయి, ఇంజనీర్ వాటితో పోల్చగలడు.

మనవాళ్ళలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. టెక్సస్‌లో మామూలు ఇళ్ళ ఫౌండేషన్ రిపేర్ చేసేవాళ్ళకి రాష్ట్రం ఏ లైసెన్సూ ఇవ్వదు, అడగదు. మొబైల్ హోమ్‌లకి అలా కాదు. టెక్సస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ హౌసింగ్ అండ్ కమ్యూనిటీ అఫైర్స్‌లో మ్యానుఫ్యాక్చర్డ్ హౌసింగ్ డివిజన్ అని ఉంది. ఇన్‌స్టాలర్లకి లైసెన్స్ ఇచ్చేది వాళ్ళే. రాష్ట్ర చట్టం ఆక్యుపేషన్స్ కోడ్ 1201వ అధ్యాయంలో ఇన్‌స్టలేషన్ అంటే ఏమిటో చెప్పిన చోట బ్లాకింగ్ (బ్లాకులు పెట్టడం), లెవెలింగ్, యాంకరింగ్ (ఇంటిని నేలకి బిగించడం) కూడా ఉన్నాయి. మీ కంపెనీకి ఆ లైసెన్స్ ఉందో లేదో డివిజన్ వెబ్‌సైట్‌లో ఈ రోజే వెతకండి. ఉంటే వాళ్ళ మీద ఫిర్యాదు చేయడానికి ఒక ఆఫీసు ఉన్నట్టు. లేకపోతే అది ఇంకా పెద్ద ఫిర్యాదు. మేం ఫిర్యాదు పెట్టాక ఇన్‌స్పెక్టర్ వచ్చి కింద దూరి చూసి వెళ్ళాడు. అప్పటిదాకా మా ఫోన్లు ఎత్తని మేనేజర్ ఆ తర్వాత తనే ఫోన్ చేశాడు.

ఇప్పుడు మీ కాంట్రాక్ట్ తీసి కూర్చోండి. వారంటీ పేజీ ఒక్కటే కాదు, మొత్తం చదవండి. ఏం చేస్తామన్నారు: ఎన్ని పియర్లు, ఏ ప్యాడ్లు, ఎంత తేడాలోపు లెవెల్ చేస్తామన్నారు? పనిని మంచి పనితనంతో చేస్తామన్న వాక్యం ఎక్కడైనా ఉందా? ఇది ఎందుకంటే, 1987లో మెలడీ హోమ్ వర్సెస్ బార్న్స్ కేసులో టెక్సస్ సుప్రీంకోర్టు, ఉన్న వస్తువునో ఆస్తినో రిపేర్ చేసేవాడు కాగితం మీద రాయకపోయినా మంచి పనితనానికి హామీ ఇచ్చినట్టే అంది. అది కూడా ఫ్యాక్టరీలో తయారైన ఇంటి రిపేర్ గొడవే. తర్వాత 2013లో గొంజాలెస్ అనే ఆవిడ ఫౌండేషన్ రిపేర్ కేసులో అదే కోర్టు, పని ఎలా ఉండాలో కాంట్రాక్టే చెప్తుంటే ఆ రాయని హామీ బదులు కాంట్రాక్ట్‌లోని మాటే చెల్లుతుందని చెప్పింది. అందుకే మీ కాగితంలో ఉన్న ఆ ఒక్క వాక్యం ముఖ్యం. అదే కేసులో వినియోగదారుల చట్టం కింద ఆవిడ పెట్టిన క్లెయిములు గడువు దాటాయని పోయాయి కూడా. ఆ చట్టానికి, అంటే డీటీపీఏకి, మామూలుగా రెండేళ్ళ గడువు. మోసమో లోపమో మీకు తెలిసినప్పటి నుంచి, లేదా జాగ్రత్తగా ఉంటే తెలిసి ఉండాల్సినప్పటి నుంచి లెక్క. "వచ్చే నెల చూస్తాం సార్" అని కంపెనీ తిప్పుతూ ఉంటే ఈ గడియారం ఆగదు. నాకు ఈ విషయంలో నిజంగా కోపం ఉంది, ఎందుకంటే మర్యాదస్తులే ఇక్కడ ఎక్కువగా నష్టపోతారు.

కాబట్టి ఇకమీదట ఫోన్లు వద్దు, అన్నీ రాతలో ఉండాలి. ఇంజనీర్ రిపోర్ట్ చేతికొచ్చాక సర్టిఫైడ్ మెయిల్‌లో, రిటర్న్ రిసీట్ పెట్టి ఉత్తరం పంపండి. ఏ తేదీన ఏం చేశారు, కాంట్రాక్ట్‌లో ఏ వాక్యం తప్పారు, ఇంజనీర్ ఏమన్నాడు, మీకు ఎంత నష్టం, మీరు ఏం కోరుతున్నారు: ఇంతే, తిట్లు వద్దు. డీటీపీఏ కింద దావా వేయాలంటే అరవై రోజుల ముందు ఇలాంటి నోటీసు ఇవ్వాలి. తెలిసి చేశారని రుజువైతే ఆర్థిక నష్టానికి మూడు రెట్ల దాకా వచ్చే అవకాశం ఉంది కనుక కంపెనీలు ఆ ఉత్తరాన్ని తేలిగ్గా తీసుకోవు. అలాగని ఊరికే బెదిరించడానికి వాడకండి. ఆధారం లేకుండానో దురుద్దేశంతోనో వేశారని కోర్టు అనుకుంటే వాళ్ళ లాయర్ ఖర్చు మీ మీద పడుతుంది.

ఉత్తరానికి లొంగకపోతే చిన్న మొత్తాల దావాలు చూసే జస్టిస్ కోర్ట్ ఉంది. 2020 సెప్టెంబర్ నుంచి అక్కడ ఇరవై వేల డాలర్ల దాకా దావాలు తీసుకుంటున్నారు, లాయర్ లేకుండా మీరే మాట్లాడుకోవచ్చు. మీ గొడవ ఆ మొత్తం లోపే ఉంటుందని నా అంచనా. కాంట్రాక్ట్‌లో ఆర్బిట్రేషన్ క్లాజ్, అంటే గొడవని కోర్టులో కాకుండా మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న షరతు, ఉంటే మాత్రం దావా వేసే ముందు ఒక గంట లాయర్ సలహాకి డబ్బు పెట్టండి.

మీ ఇంటి మీద ఎఫ్‌హెచ్ఏ లోన్, అంటే ఫెడరల్ ప్రభుత్వం హామీ ఉండే ఇంటి లోన్, ఉందా, లేక తర్వాత అలాంటి లోన్‌తో కొనేవాళ్ళకి అమ్మే ఆలోచన ఉందా? ఉంటే ఫౌండేషన్ హడ్ వాళ్ళ గైడ్ ప్రకారం ఉందని ఇంజనీర్ సర్టిఫికెట్ అడుగుతారు. ఇదే ఇంజనీర్‌తో ఆ సంగతీ ఇప్పుడే మాట్లాడేసుకోండి, రెండోసారి ఖర్చు తప్పుతుంది.

చివరగా, వాళ్ళు దిగొచ్చి రాజీకి వచ్చిన రోజు ఒక కాగితం మీద సంతకం అడుగుతారు. మాకు మొదట పంపినదాంట్లో "ఇకపై ఈ ఇంటికి సంబంధించి ఎలాంటి క్లెయిమ్ ఉండదు" అని ఉంది, అంటే కొత్తగా చేసే పనికి కూడా హామీ పోతుంది. మేం ఆ వాక్యం కొట్టేయించి, కొత్త పియర్లకి వారంటీ ఆ రోజు నుంచి మొదలవుతుందని, పని అయ్యాక మా ఇంజనీర్ కొలతలు చూశాకే పూర్తయినట్టని రాయించుకున్నాం. మీరూ ఆ రెండూ రాయించుకోండి. కాంట్రాక్ట్‌లో పేర్లు, అడ్రస్ దాచేసి వారంటీ పేజీ ఇక్కడ పెట్టండి, చదివి ఏ వాక్యం మీకు పనికొస్తుందో చెప్తాను.