దూడకు పాలు ముక్కులోంచి వస్తున్నాయా? ముందు దాని ఊపిరి చూడండి

ప్రశ్న: మాది బెంగళూరు పక్కన హోస్కోటె. నెలన్నర హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ జాతి) దూడకు నాలుగు రోజులుగా 104 డిగ్రీల జ్వరం, దగ్గు. డొక్కలెగరేస్తోంది. నిన్నటి నుంచి పాలు పడితే పొలమారి ముక్కులోంచి వస్తున్నాయి. గొంతువాపు అనుకుని, మందుల షాపులో చెప్పినట్టు నూనెలో మిరియాల పొడి కలిపి సీసాతో తాగించాను. ఇంకే మందు పొయ్యాలి? – ఒక పాడి రైతు

జవాబు: ఇక నోట్లో ఏ మందూ పొయ్యకండి. ఇది గొంతువాపు కాదు. అదైతే గొంతు కింద వేడిగా వాచి, జ్వరం 105–107 దాకా పోయి, చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లోనే పశువు చనిపోతుంది. మీ దూడకు న్యుమోనియా అని నా అనుమానం. గొంతు బాగానే ఉంది, అలిసిపోయింది ఊపిరి తీసే కండరాలు.

మింగేటప్పుడు ఏ పశువైనా ఒక్క క్షణం ఊపిరి ఆపాలి. రోజుల తరబడి రొప్పుతున్న దూడకు ఆ క్షణం కూడా ఆగే ఓపిక ఉండదు. మింగుతూనే గాలి పీలుస్తుంది, పాలు శ్వాసనాళంలోకి పోతాయి. దగ్గి బయటికి నెట్టాలన్నా అవే కండరాలు కావాలి. నూనె మరీ ప్రమాదం: అది లోపలికి జారినా సరిగా దగ్గు రాదు, అందుకే మీకు తెలియదు. తల పైకెత్తి, నాలుక లాగి సీసా పెడితే ఆరోగ్యంగా ఉన్న పశువుకే ముప్పు. షాపులో వాళ్లు దూడను చూశారా, ఊపిరి లెక్కపెట్టారా? చూడకుండా సీసా చేతిలో పెట్టే సలహాతో చాలా దూడలు పోతున్నాయి, నా బాధంతా అదే.

దూడ పడుకుని ఉన్నప్పుడు డొక్క కదలికలు ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. మామూలుగా 30 అటూఇటూ ఉంటాయి. 60 దాటితే నోటి ద్వారా పాలు, నీళ్లు కూడా వద్దు, డాక్టరు సెలైన్ ఎక్కిస్తారు. అంతకన్నా తక్కువుంటే అరలీటరు చొప్పున రోజుకు ఆరేడుసార్లు, నిపుల్ సీసాతో, తల వెన్ను ఎత్తుకు మించకుండా, తనంతట తాను చీకనివ్వండి. పొలమారితే వెంటనే ఆపండి. పక్కకు వాలిపోకుండా రొమ్ము మీద కూర్చోబెట్టి, గడ్డి ఆసరా పెట్టండి.

యాంటీబయాటిక్ ఏదో డాక్టరే నిర్ణయించాలి. జ్వరం తగ్గిందని రెండో రోజే మానేయకండి. జ్వరానికి, నొప్పికి మెలాక్సికామ్ కిలోకు 0.5 మి.గ్రా., అంటే 50 కిలోల దూడకు మి.లీ.కు 5 మి.గ్రా. ఉండే ఇంజెక్షన్ 5 మి.లీ. అదీ డాక్టరు చేతనే వేయించండి. ఈరోజే సంచార పశువైద్య సేవ నంబరు 1962కు ఫోన్ చేయండి, లేదా హెబ్బాళ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇప్పటికే నూనె పోసిన సంగతి దాచకుండా చెప్పండి, వైద్యం దాన్ని బట్టి మారుతుంది.

చలికని కొట్టం చుట్టూ టార్పాలిన్ కట్టేసి ఉంటే, పైన ఒక మూర ఖాళీ వదలండి. మూత్రం ఘాటు ఊపిరితిత్తులను ఇంకా దెబ్బతీస్తుంది. ఇక గొంతువాపు టీకా: దూడకు ఆరు నెలలు నిండాక, ఆపైన ఏటా వానలకు ముందు మే నెలలో వేయించండి.